శౌరమ్మ ఎంచిన చార్జరు

ఉయ్యూరు చెరకు తోటల్లో శౌరమ్మ చెయ్యే తక్కెడ. గడను ఇలా ఎత్తి చూసిందంటే చాలు, రసం ఉందో లేదో చెప్పేస్తుంది. ఆ చేతిని నమ్ముకునే బతికింది పాపం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

భర్త శౌరయ్యకు ఏళ్ల తరబడి షుగరు. చేతులు మొద్దుబారిపోయి, కాలే గ్లాసు పట్టుకున్నా తెలియదు. నిరుడు గుండె కూడా మొరాయించింది. పటమటలో బట్టల కొట్లో పనిచేసే కూతురు దీవెన, నాడి చూపించే బ్యాండు కొనుక్కొచ్చి తండ్రి మణికట్టుకు కట్టింది. "చార్జింగు పెట్టేటప్పుడు చేతినుంచి తీసెయ్యమ్మా. కంపెనీ చార్జరే వాడు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లింది.

ఆ చార్జరు వైరు కాస్తా ఎలుకలు కొరికేశాయి. చెబితే దీవెన కేకలేస్తుందని, హనుమాన్ జంక్షన్‌లో చుట్టాలింటికి వెళ్లినప్పుడు శౌరమ్మ రోడ్డు పక్క బండి దగ్గర ఆగింది. బండివాడు రెండు చూపించాడు. ఒకటి తేలిక, దాని మీద కంపెనీ పేరూ ముద్రలూ ఉన్నాయి. రెండోది బరువు, పేరూ లేదు ఊరూ లేదు. మహాతల్లి రెండింటినీ చెరకు గడల్లాగే ఎత్తి చూసింది.

"ఇది బరువుంది, సరుకున్నట్టే. ఇదే ఇవ్వు బాబూ," అంది.

లోపల ఇనప ముక్క పెట్టి బరువు తెప్పిస్తారని ఆమెకెవరు చెబుతారు!

పోనీ, చేతినుంచి తీసిందా అంటే అదీ లేదు. తీసిన ఆ కాసేపట్లో గుండె ఆగిపోతే ఎలా తెలుస్తుందని ఆమె భయం. మధ్యాహ్నం అన్నం తిని శౌరయ్య నిద్రపోతుంటే, బ్యాండు పక్కన వైరు తగిలించి బట్టలుతకడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా కమురు వాసన. బ్యాండు ఉబ్బి చర్మానికి అతుక్కుపోయింది. శౌరయ్య మాత్రం హాయిగా గుర్రుపెడుతున్నాడు.

బ్యాండు ఊడబెరికి, కాలిన పుండు మీద టూత్‌పేస్టు రాసి గుడ్డ చుట్టింది. ఫోన్లో కూతురికి చెప్పలేదు. దీవెన వచ్చి గుడ్డ విప్పేనాటికి చెయ్యి నల్లబడిపోయింది. బెజవాడ తీసుకెళ్తే ప్రాణం దక్కాలంటే చెయ్యి తీసెయ్యక తప్పదన్నారు, తీసేశారు.

"తియ్యమని చెప్పా కదమ్మా!" దీవెన ఏడ్చింది.

"తీస్తే మీ నాన్న గుండెనెవరు చూస్తారే?"

గుండె నిక్షేపంలా ఉందన్నాడు డాక్టరు. ఆ మాట విని శౌరమ్మ ఆసుపత్రి వరండాలోనే కూలబడి గుండెలు బాదుకుంది.

ఇంటికొచ్చాక దీవెన ఇంకో బ్యాండు తెచ్చింది, కంపెనీ చార్జరుతో సహా. శౌరమ్మ అడ్డం పడింది. "వద్దే తల్లీ, ఉన్నది ఒక్క చెయ్యే."

దీవెన మొహం పాలిపోయింది. అది చూసి శౌరయ్య మిగిలిన చెయ్యి కూతురి వైపు చాపాడు.

"కట్టమ్మా. నాకేం నెప్పి తెలవదుగా."