కట్ట మీద కాగిన డోజర్

పరశురాములు ఖానాపూర్‌లో పాత డోజర్లు బాగుచేస్తాడు. మస్కట్ దగ్గర ఒక రాతి క్వారీలో పదకొండేళ్లు పనిచేసి నేర్చుకున్న విద్య అది. కొత్త మిషన్లకు కంప్యూటర్ పెట్టి చూసేవాళ్లు వేరే ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటిన ఇంజన్లు మొరాయిస్తే మాత్రం ఆదిలాబాద్ దాకా అతనికే ఫోన్లు వస్తాయి.

నాలుగేళ్ల కింద ఆసిఫాబాద్ వైపు ఒక డోజర్ నీళ్లు కక్కుతుంటే, రేడియేటర్ మూత పాడైందని చెప్పి, అది మార్చి వచ్చేశాడు. అసలు పగిలింది ఇంజన్ పైన బిగించే ఇనుప దిమ్మ, హెడ్. మూడో రోజు ఇంజన్ పట్టేసింది. దాన్ని నడిపే కుమార్‌ని యజమాని పనిలోంచి తీసేశాడు. అప్పటినుంచి పరశురాములుకు తేలికైన లోపం కనబడితేనే ఎక్కువ భయం.

మొన్న ఆగస్టులో బోథ్ దగ్గరి ఒక ఊరి నుంచి పిలుపొచ్చింది. వానలకు కుంట కట్ట ఒకచోట జారుతోంది, మన్ను తోయాల్సిన డోజర్ పావుగంటకే కాగిపోతోంది. సాయంత్రానికి చేరుకున్నాడు. తెల్లారేసరికి వాగు పొంగి అతను వచ్చిన దారి తెగింది. ఇక వేరే మిషన్ రాదు, సామాను రాదు. కుంట నీళ్లు కట్ట అంచుకు మూరెడు దూరంలో ఉన్నాయి. కట్ట కింద ముప్పై ఇళ్లు.

"హెడ్ కింది గ్యాస్కెట్ పట్టీ పోయిందన్నా. అందరు గదే అంటుండ్రు" అన్నాడు డోజర్ నడిపే రాంచందర్.

"హెడ్ విప్పితే రెండు దినాలు పడ్తది తమ్మీ. గన్ని దినాలు కట్ట ఆగుతదా?"

ఇంజన్ చల్లగా ఉంది. మూత తీసి స్టార్టు చేయించాడు. హెడ్ దగ్గర గ్యాస్ లీకైతే రేడియేటర్ నీళ్లలో బుడగలు ఆగకుండా రావాలి. రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. ఇంజన్ ఆపించి, చేతిపంపూ ఒత్తిడి చూపే ముల్లూ ఉన్న టెస్టర్‌ను రేడియేటర్ మూతికి బిగించి పది పౌండ్ల దాకా గాలి కొట్టాడు. పది నిమిషాలైనా ముల్లు దిగలేదు. తర్వాత మూతను అదే టెస్టర్‌కు తగిలించి కొడితే, మూడు పౌండ్లకే గాలి వదిలేసింది. లోపలి రబ్బరు ఎండి రాయిలా అయింది. ఒత్తిడి నిలవక నీళ్లు తొందరగా మరిగి బయటికి పోతున్నాయి.

మళ్లీ మూతే. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఏమైందన్నా, గట్ల చూస్తున్నవ్?"

"నాలుగేండ్ల కింద ఒక కాడ గిదే చెప్పిన. తప్పయింది."

బుడగల పరీక్ష మళ్లీ చేశాడు, ఈసారి ఇంజన్ వేగం పెంచి. బుడగలు రాలేదు. ఇంకేం చూడాలో తోచలేదు. తన పెట్టెలోని పాత మూతలన్నీ పరీక్షించి, పది పౌండ్లు నిలిపినదాన్ని బిగించాడు.

డోజర్ మన్ను తోయడం మొదలుపెట్టింది. పరశురాములు సీటు పక్కన నిలబడి వేడి చూపే ముల్లు మీంచి కళ్లు తిప్పలేదు. పావుగంట దాటింది. అరగంట దాటింది. నలభై నిమిషాలకు బుస్సుమని ఆవిరి లేచి ఇంజన్‌ను కమ్మేసింది.

"బంద్ చెయ్! బంద్ చెయ్!"

ఇసుక బస్తాలు మోస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కట్ట కింద మొదటి ఇల్లు యాదవ్వది. ఆమె గబగబా పైకి వచ్చింది.

"తమ్మీ, గిది నడుస్తదా లేదా? సక్కగ చెప్పు. పిల్లల్ని తీస్కొని బడి కాడికి పోవాల్నా?"

ఏదో ఒక ధైర్యం చెబుదామనుకున్నాడు. లేస్తున్న ఆవిరి చూసి మానుకున్నాడు.

"నాకే తెలుస్తలేదు యాదక్కా. మీరైతే పోండ్రి."

ఆమె కింది ఇళ్లవాళ్లను కేకలేస్తూ దిగిపోయింది. రాంచందర్ రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టకు! మొఖం కాల్తది. సల్లారనియ్."

ముప్పావుగంట ఆగారు. నీటి అంచున ఎవరో గుచ్చిన పుల్ల నాలుగు వేళ్లు మునిగింది. కింద జనం మూటలతో, మేకలతో బడి వైపు నడుస్తున్నారు. 'నా మాట మీదనే మిషన్ నడిపిండ్రు' అనుకుంటూ పరశురాములు బురదలో అటూ ఇటూ తిరిగాడు.

ఆవిరి తగ్గాక మిషన్ కిందికి దూరాడు. రేడియేటర్ అడుగున రబ్బరు పైపు, క్లిప్పు దగ్గర రెండంగుళాలు చీలి ఉంది. హెడ్ కాదు! పాత మూత ఒత్తిడి నిలపలేదు కాబట్టి కొంతకాలంగా వేడి మీద ఆ పైపుకు పరీక్షే రాలేదు. చల్లగా ఉన్నప్పుడు టెస్టర్ గాలికి ఆగిన ముసలి రబ్బరు, మంచి మూత పెట్టాక మరిగే నీళ్ల ఒత్తిడిని తట్టుకోలేకపోయింది. ఆ సంగతి ముందే పైపులు నొక్కి చూసి ఉంటే తెలిసేది. తనను తాను తిట్టుకుంటూనే చీలిన కొస కోసేశాడు, మిగిలిన పైపును లాగి రెండు క్లిప్పులతో బిగించాడు. బిందెలతో నీళ్లు పోసి, టెస్టర్‌తో మళ్లీ గాలి కొట్టాడు. ముల్లు నిలబడింది.

"ఇగ నడుపు తమ్మీ. కొంచెం కొంచెం తోయి."

పొద్దు గూకేదాకా డోజర్ ఆగలేదు. జారిన చోట మన్ను ఎత్తుగా పడింది. కట్ట నిలిచింది. మర్నాడు యాదవ్వ వాళ్లు బడి నుంచి ఇళ్లకు వచ్చారు.

వాగు తగ్గాక ఖానాపూర్ వెళ్లిన పరశురాములు, వారం తిరక్కుండా, ఎవరూ పిలవకపోయినా, ఆ డోజర్‌కు వేయడానికి కొత్త రబ్బరు పైపులు బండికి కట్టుకుని మళ్లీ ఆ ఊరు పోయాడు.