సాకు అన్న మాట

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, మా నారాయణఖేడ్ సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు నన్ను చూడడానికి ఇంటికి వచ్చాడు. మంచి కుర్రాడు. మోకాళ్ల నొప్పితో మొదలుపెట్టి, అసలు చెప్పాలనుకున్నదానికి, అంటే మా ఆయన పోయాక ఈ సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయన్నదానికి నేను వచ్చేసరికి, ప్రార్థన చేసుకుందాం అమ్మా అంటూ కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను గానీ, నాగల్‌గిద్ద దిక్కున కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె, అక్కడి ముసలమ్మ గుర్తొచ్చి లోలోపల నవ్వుకున్నాను.

మా ఆయన కూడా పాస్టరైన కొత్తలో ఇంతే. మేమిద్దరం కోస్తా నుంచి ఇక్కడి సేవకు వచ్చినవాళ్లం. దేవుడు ఆయనకు నోరు ధారాళంగా ఇచ్చి చెవుల దగ్గర కాస్త పొదుపు చేశాడని నేను ఆటపట్టించేదాన్ని. చావింటికి పరామర్శకు వెళితే, గుమ్మంలో ఎత్తుకున్న ఆదరణ మాటలు తిరిగి చెప్పులు వేసుకునేదాకా ఆగేవి కావు, కాస్త ఆగండీ అని నేను సైగ చేస్తే అది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ ముసలమ్మ మా సంఘపు మనిషే, మాటలో సగం కన్నడం. ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయింది, పలక పట్టే వయసు మనవరాలు మిగిలింది. బస్సు దిగి కందిచేల మధ్య నడిచి మేం వెళ్లేసరికి, ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మా ఆయన పరలోకం గురించి, నిరీక్షణ గురించి చెబుతూనే ఉన్నాడు, ఆమె సాకు అయ్యా, సాకు అంటూనే ఉంది. మన తెలుగులో సాకడమంటే పెంచడమే కదా! పిల్లను సాకమని వేడుకుంటోందనుకుని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నాకూ గుండె చెరువైంది. తెలిసినవాళ్లను బతిమాలి ఆడపిల్లల హాస్టల్లో చోటు సంపాదించి, ఆ పై వారమే ఒక రేకుపెట్టె కొని, పిల్లను తీసుకురావడానికి సంబరంగా వెళ్లాం.

పెట్టె చూడగానే ముసలమ్మ పిల్లను వెనక్కి నెట్టి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పిల్లను ఏడికి తీస్కపోతవ్?"

"నువ్వే కదమ్మా సాకమన్నావు."

"నేనెప్పుడన్న? నువ్ మాట్లాడుడు సాలు అన్న. మా దిక్కు సాకంటే సాలు. బిడ్డ పాయె, ఇగ గీ పిల్లను గూడ గుంజుకపోతవా?"

మా ఆయన పెట్టె కింద పెట్టి గడప బయట నేలమీద చతికిలబడ్డాడు. కాసేపటికి ఆమె కూడా కూర్చుంది, చాలాసేపటికి తనంతట తానే మాట్లాడింది. ఒళ్లు కాలుతున్నదని కూతురు చెప్పినా వినక కంది కోతకు పంపిందట. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పబోతే అందరూ ఓదార్చడమే. మాకు సగం అర్థం కాలేదు. ఏదో బైబిలు వాక్యం ఆయన నాలుక చివరిదాకా రావడం, ఆయన పెదవి కొరుక్కుని దాన్ని ఆపుకోవడం నేను చూశాను. పొద్దు వాలాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇగ సాకు" అని లేచి జొన్నరొట్టెలు చేసింది. రేకుపెట్టె మీద కూర్చుని ఆ పిల్ల కూడా తిన్నది. పిల్లతో పాటు పెట్టె కూడా అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత మా ఆయన ఏ ఇంటికి వెళ్లినా వాళ్లు సాకు అనేదాకా లేచేవాడు కాదు, ఇంట్లో కూర చల్లారిపోతోందని నేను సణిగేదాన్ని. అన్నం వడ్డిస్తూ సాకా అని అడగడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. చివరి రోజుల్లో ఆయన గొంతు పోయినప్పుడు మంచం పక్కన కూర్చుని నేనే ఏవేవో పాత సంగతులు చెబుతూ ఉండేదాన్ని. సాకా అని అడిగితే కాదన్నట్టు తల ఊపేవాడు.

ఇప్పుడు సంఘానికి ఫోన్లో గ్రూపు ఉంది, ఎవరికి కష్టమొచ్చినా క్షణంలో చేతులు జోడించిన బొమ్మలు వరసకడతాయి. మంచిదే, కాదనను. ఆ కుర్రాడు కూడా చక్కగానే ప్రార్థించాడు, ఆమెన్ అని లేచి, జాగ్రత్త అమ్మా అని బండెక్కి వెళ్లిపోయాడు. నేనింకా సాకు అననేలేదు.