బోల్టు బాబాయి ఎక్కిన జెయింట్ వీలు

జెయింట్ వీలు తిప్పే మనిషిని అందరూ బోల్టు బాబాయి అంటారు. రోజూ గేటు తెరవకముందే ప్రతి బోల్టూ బిగించి, తొట్లలో ఇసుక బస్తాలు వేసి తిప్పి చూస్తాడు. ఇంత చూసినవాడు తను మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఎవరైనా దేవుడి మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేస్తాడు. "రుజువు లేకుండా నమ్మేవాడికి బుర్రుందంటారా?"

ఆ సాయంత్రం గుడి నుంచి వచ్చిన అతని మేనత్త, నోట్లో ఒక్క పన్నూ మిగలని మనిషి, జారిపోతాయని చెప్పులు చేత్తో పట్టుకుని తొట్లో ఎక్కి కూర్చుంది.

"ఒక్క బోల్టయినా చూసుకోకుండా ఎక్కేశావేంటత్తా?"

"నువ్వున్నావు కదరా! మరి అన్నీ చూసిన నువ్వెందుకు ఎక్కవు?"

క్యూలో జనం గొల్లుమన్నారు. బాబాయికి రోషం పొడుచుకొచ్చింది. వీలు తిప్పే మీటను పక్కనే టిక్కెట్లు చింపుతున్న భార్యకు అప్పగించి, అత్త పక్కన కూలబడి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వీలు కదిలింది. తొట్టి పైకంటా లేచింది.

"ఇంత పైకొచ్చాం కదా," అన్నాడు పళ్లు బిగించి, "నీ దేవుడు కనిపించాడా?"

"లేదురా!" అత్త కిలకిలా నవ్వింది. "ఇంకో రౌండు తిప్పించు, మళ్లీ చూద్దాం!"

బాబాయి ఒక కన్ను తెరిచాడు. ఊరు ఊరంతా కాళ్ల కింద గిర్రున తిరుగుతోంది.

"ఆపకే!" భార్యకు కేకేశాడు. "ఇంకోటి తిప్పు!"