పిల్లల గదిలో మొరాయించిన పెట్టె

ఆవిణ్ణి అందరూ నిచ్చెనమ్మ అనేవారు. భుజాన అల్యూమినియం నిచ్చెన లేకుండా ఏ వీధిలోనూ కనపడేది కాదు మరి. ఆఫీసులకూ ఆసుపత్రులకూ వైఫై పెట్టడం ఆవిడ పని. ఒకప్పుడు మొగుడూ పెళ్ళాం కలిసే చేసేవారు. ఆయన ఎక్కేవాడు, ఆవిడ కింద నిచ్చెన పట్టుకునేది. ఓ గోదాములో ఆయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఎక్కడం ఆవిడ వంతయింది.

మొదట్లో ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. పలకరిస్తే ఊఁ అనేవాడు, అంతే. ఆవిడ బతిమాలలేదు, కోప్పడలేదు. ఓ రోజు లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"మనం బిగించిన పెట్టెలన్నీ ఇప్పుడు క్లౌడ్‌లో కనపడతాయట. ఏది పనిచేస్తోందో, ఏది మొరాయిస్తోందో ఇంట్లోంచే చూడొచ్చు. నాకు ఎక్కి దిగడానికే సరిపోతోంది. ఇది మీరు చూసుకోండి."

అయిష్టంగానే చూడ్డం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి పళ్ళు తోముకోకుండానే "బేకరీవాడి వైఫై నిద్ర లేచిందోయ్" అని చెప్పేదాకా వచ్చాడు.

ఊళ్ళో లైబ్రరీ కొత్త భవనంలోకి మారినప్పుడు, పాత భవనంలోని యాక్సెస్ పాయింట్లన్నీ తెచ్చి కొత్త సీలింగులకు బిగించే పని వీళ్ళకే వచ్చింది. అవి వైఫైని గదంతా పంచే తెల్లటి పళ్ళేల్లాంటి పెట్టెలు. అన్నీ బుద్ధిగా పచ్చగా వెలిగాయి, పిల్లల గదిలోది తప్ప.

"ఏవండీ, ఇది నారింజ రంగు దగ్గరే ఆగిపోయింది. మీకేమైనా కనపడుతోందా?" అంది ఆవిడ ఫోన్‌లో, నిచ్చెన పైనుంచి.

"లేదు, క్లౌడ్‌కి అందలేదు. ముందిది చెప్పు, నిచ్చెన ఎవరైనా పట్టుకున్నారా?"

"లైబ్రేరియన్ గారు పట్టుకున్నారు."

"గట్టిగానేనా?"

"రెండు చేతులతోనండీ!" అని కిందనుంచి లైబ్రేరియన్ కేకేసింది.

"అయితే కేబుల్ తేడా అయ్యుంటుంది," అన్నాడాయన.

"కేబుల్ నేనే బిగించాను."

"అందుకే అంటున్నా."

ఆవిడకి ఒళ్ళు మండింది. ఆ కేబుల్‌నే తన లాప్‌టాప్‌కి తగిలించింది. ఇంటర్నెట్ ఇట్టే వచ్చింది. అక్కడితో ఊరుకోక, పక్క గదిలో పనిచేస్తున్న పెట్టెను దింపి తెచ్చి ఇక్కడ పెట్టింది. అదీ పచ్చబడింది.

"ఇప్పుడేమంటారు? కేబుల్ బాగుంది, అవతల దానికి నెట్ ఇచ్చే స్విచ్ బాగుంది. లోపం పెట్టెలోనే ఉంది."

అవతల చిన్న దగ్గు.

"ఏమోయ్, పాత భవనంలో రెండు పెట్టెలు ఒకే నెట్‌వర్క్ అడ్రస్ కోసం కొట్టుకుంటుంటే, ఒకదానికి నేనే చేత్తో మారని అడ్రస్ ఇచ్చాను. ఇదేనేమో అది."

"అంటే ఇంకా పాతింటి అడ్రసే పట్టుకుని వేలాడుతోందన్నమాట! మధ్యలో నా కేబుల్‌ని ఆడిపోసుకుంటారా?"

ఆవిడకి నవ్వాగలేదు. నిచ్చెన కదిలింది. "అమ్మా, ఆ నవ్వేదేదో కిందికి దిగి నవ్వండి!" అని లైబ్రేరియన్ మొత్తుకుంది.

మొరాయించిన ఆ పెట్టెనే మళ్ళీ బిగించి, పైట పిన్నీసు తీసి, పక్కనున్న సన్నటి రీసెట్ కన్నంలో పెట్టి నొక్కి పట్టింది ఆవిడ. పాత సంగతులన్నీ మరిచిపోయి పెట్టె మళ్ళీ మొదటినుంచి లేచింది. ఫోన్‌లో ఆయన పురిటిగది బయట తచ్చాడే మనిషిలా "ఇంకా లేదు... ఇంకా లేదు..." అంటూనే ఉన్నాడు.

"వచ్చేసింది!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన తెర ముందు దిండుకి చేరగిలబడి ఉన్నాడు.

"చేత్తో ఇచ్చిన అడ్రస్‌ల కోసం మిగతా ఊరంతా వెతికానోయ్. నా నిర్వాకం ఇంకో రెండుచోట్ల బయటపడింది. ఇక్కణ్ణుంచే సరిచేశాను."

"పోన్లెండి, నాకు రెండుసార్లు నిచ్చెనెక్కే పని తప్పింది," అంటూ ఆవిడ పక్కన కూలబడి కాళ్ళు చాపింది. ఆయన లాప్‌టాప్ పక్కకి జరిపి, ఆ కాళ్ళు ఒళ్ళోకి లాక్కుని, పిక్కలు నొక్కడం మొదలుపెట్టాడు.