లేపనం మేడమ్, ఎలుకల గది

ఎలుకల అక్క కునుకు తీస్తే బోనులు తారుమారయ్యాయనీ, ఆ దెబ్బకే లేపనం మేడమ్ పైకి రాకుండా పోయిందనీ చెప్పుకుంటారు. నోటికి హద్దేముంది? ఏ బోనూ తారుమారు కాలేదు. అక్క ఆ గదిలో ఏనాడూ కన్ను మూసిన మనిషి కాదు. మూద్దామన్నా ఆ కీచుకీచులు మూయనిస్తేగా! జరిగింది వేరు.

పరిశోధనశాల వెనకవైపు, మెట్ల కింద ఉండేది ఎలుకల గది. తలుపు తియ్యగానే రంపపుపొట్టు వాసనా, నానిన గింజల వాసనా కలిసి గుప్పుమనేవి. వరసగా ఇనప బోనులు, వాటికి తలకిందులుగా వేలాడే నీళ్ళ సీసాలు, లోపల తెల్లటి చిట్టెలుకలు. వాటికి మేత వేసి, పొట్టు మార్చి, బోనులు కడిగేది అక్క. మిగతా సైంటిస్టులు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే పని చెప్పి వెళ్ళిపోయేవారు. కొత్తగా చేరిన మేడమ్ మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇది నా వంక అలా గుడ్లప్పగించి చూస్తుందేంటక్కా?"

"కొత్త కోడలు వస్తే అత్తగారు చూడదూ మేడమ్?"

అంతే, ఆ రోజు నుంచి మధ్యాహ్నం టీ అక్కడే. ఇప్పటికీ రంపపుపొట్టు వాసన తగిలితే చాలు, ముక్కు మీంచి జారే కళ్ళజోడును మోచేత్తో పైకి తోసుకుంటున్న మేడమే అక్క కళ్ళముందు కదులుతుంది.

మేడమ్ పని గాయాలు మాన్పే మందు. ఏదో చెట్టు బెరడుతో లేపనం తయారుచేసింది. ఎలుకల వీపు మీద చిన్న గాటు పెట్టి, సగం బోనుల్లో వాటికి లేపనం, మిగతా వాటికి ఉత్త మైనం రాసి, ఏవి ముందు మానతాయో చూడాలి. లేపనం రాసినవి చకచకా మానిపోయాయి. శాఖ నడిపే పెద్దసారు పొంగిపోయాడు. వ్యాసం రాసి పంపితే, వేస్తామని పత్రిక నుంచి జవాబు కూడా వచ్చింది. ఇక శాఖలో పెద్ద కుర్చీ ఈవిడదే అన్నారు. మేడమ్ వాళ్ళమ్మ ఆగుతుందా? మేడ మీద బట్టలారేస్తూనే వీధంతా చాటేసింది.

ఒక మధ్యాహ్నం వేరే వాళ్ళ పనికి ఎలుకలు కావాలంటే అక్క తీస్తోంది. మేడమ్ టీ తాగుతూ చూస్తోంది. అక్క చెయ్యి పెట్టగానే మూల ముద్దలా పడుకున్నది దొరికింది. దాన్ని మొదటి బోనులో వేసింది. తర్వాతదీ అలాంటి సాధువే. గెంతులేసే రౌడీలు చివరికి మిగిలి రెండో బోనులోకి పోయాయి.

"ఎప్పుడూ ఇలాగే తీస్తావా అక్కా?"

"మరెలా తియ్యను మేడమ్? చేతికొచ్చేవి ముందు, తిప్పలు పెట్టేవి తర్వాత."

"నా లేపనం బోనులు కూడా?"

"అవే ముందు నింపమన్నారుగా మీరు!"

మేడమ్ చేతిలో టీ చల్లారిపోయింది. సాధువులన్నీ లేపనం వైపు, రౌడీలన్నీ మైనం వైపు! రౌడీలు ఒకదాన్నొకటి కొరుక్కుని, గీరుకుని, మానుతున్న పుండును రేపుకుంటాయి. మరి అవతలివి మానింది మందు వల్లా, బుద్ధిగా పడుకోవడం వల్లా?

అక్క బోను తలుపు వేసి దగ్గరికొచ్చింది. "నావల్లేనా మేడమ్? నన్ను తీసేస్తారా?"

"ఎలా తియ్యాలో నీకు చెప్పనిది నేను. నిన్నెవరు తీసేస్తారు?"

మేడమ్ పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. అక్క తలుపు బయటే నిలబడి అంతా విన్నది.

"ఎలుకల్ని ఎలా పట్టారని ఆ పత్రిక వాడు అడిగాడా?"

"లేదు సార్."

"అడగనిదానికి జవాబెందుకమ్మా? కుర్చీ గుమ్మం దాకా వస్తే తలుపు మూసుకుంటావా?"

"రేపు ఆ లేపనం ఎవరి పుండు మీదో రాస్తారు సార్. అప్పుడు మానకపోతే ఎవరిని అడగాలి?"

వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకుంది. అన్నీ మొదట్నుంచి. ఈసారి ఇంట్లోంచి ఇత్తడి గిన్నె తెచ్చింది. అందులో చీట్లు వేసి, ఒక్కో ఎలుకకూ ఒక చీటీ తీసి, అది ఏ బోను అంటే ఆ బోనులోకే. కళ్ళు మూసుకుని చీటీ తీసే పని అక్కది. లేపనానికీ మైనానికీ ఒకటే రంగు కలిపి, ఏ డబ్బాలో ఏముందో పెద్దసారుకి తప్ప ఇంకెవరికీ తెలియకుండా చేసింది. కొలిచేది తనే కాబట్టి తనకీ తెలియకూడదట! "గిన్నే పోయె, కుర్చీ పోయె," అని వాళ్ళమ్మ మూతి మూడు వంకరలు తిప్పింది.

చివరికి ఏ డబ్బాలో ఏముందో పెద్దసారు చెప్పాడు. రెండూ సమానంగానే మానాయి. లేపనం గొప్పేమీ లేదు.

ఆ సాయంత్రం మేడమ్ స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. అక్క బోనులు తుడుస్తూ పక్కనే ఉంది. మర్నాడు మేడమ్ మొదటిసారి ఎలుకల్ని ఎలా తీశారో, రెండోసారి ఎలా తీశారో, మందు పనిచెయ్యలేదన్న సంగతితో సహా పూసగుచ్చినట్టు రాసింది. పనిచెయ్యని మందు గురించి చదివేదెవరని పత్రికలు తిప్పి పంపాయి. ఎప్పటికో ఒక చిన్న పత్రిక వేసింది. అందులో అక్క ఊసు లేదు, "సూచన ఇవ్వనిది మేమే" అని ఉందట. పెద్ద కుర్చీ ఇంకొకరికి పోయింది. వెక్కిరింపుకి పెట్టిన "లేపనం మేడమ్" అన్న పేరు మాత్రం ఈవిడకి అతుక్కుపోయింది.

అయితే ఏం? ఆ తర్వాత కొత్తగా ఎవరు చేరినా మేడమ్ వాళ్ళని ముందు ఎలుకల గదికే పంపేది. "వెళ్ళి అక్క పని చూసి రండి, తర్వాతే కలం పట్టండి," అనేది. వాళ్ళు అలవాటు ప్రకారం ముక్కుకు రుమాలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. నాలుగు రోజులు పోయాక ఆ రుమాల్లోనే వేరుశనగలు మూటగట్టుకొచ్చి అక్కకు పెట్టేవాళ్ళు. ఎన్ని నవ్వులు, ఎన్ని మధ్యాహ్నాలు! ఇప్పుడా మెట్ల కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చారట.

మేడమ్ రిటైరై చాలాకాలమైంది. వాళ్ళమ్మ పోయింది. కుట్టుపని దుకాణం పైన, రెండు గదుల్లో మేడమ్ ఒక్కతే ఉంటుంది. అక్క వారం వారం వెళ్ళేది గానీ, మోకాళ్ళు మొరాయించి ఈమధ్య ఆ మెట్లెక్కలేకపోతోంది. కింద నిలబడి పిలిస్తే మేడమ్‌కి వినపడటం లేదు. మీలో అటు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త పైకెక్కి చూసి రండి. తలుపు గట్టిగా తట్టండి. ఎలా ఉందో, వేళకి తింటోందో లేదో అక్కకు చెప్పండి, చాలు.