తుమ్మబంక జడ

మొన్న ఆదివారం పొద్దున మా మనుమరాలు హర్షిత నడింట్లో పెద్ద తెల్ల అట్ట పరుచుకుని, బడిలో చెప్పిన పని అంటూ, లోకాన్ని ఏలిన ఆడవాళ్ల బొమ్మలు కత్తిరించి అంటిస్తూ కూర్చుంది. నుదుటి మీద పాము పడగ ఉన్న ఈజిప్టు రాణి, గుర్రమెక్కి కత్తి దూసిన మన రాణులు, భుజం మీద గుడ్లగూబను పెట్టుకున్న గ్రీకుల దేవత, సింహం మీద దుర్గ, జడల్లో బల్లినీ తేలునూ మోసే మన ఆలంపురం జోగులాంబ. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక ఏ పేరు కనబడినా చదవకుండా ఉండలేను. ఒక్కొక్క బొమ్మ కింద పేరు కూడబలుక్కుంటుండగా పిల్ల వంగింది, జడ కొస బంకసీసాలో మునిగింది. చూసుకునేలోపే వెంట్రుకలు అట్టకట్టాయి.

"ఏం కాదులే అమ్మమ్మా, కొస కత్తిరిస్తే పోతది" అని కత్తెర తీసుకుంది. నేను ఆ కత్తెర లాక్కున్నాను. ఎందుకు అంత విసురుగా లాక్కున్నానో పిల్లకు అర్థం కాలేదు. ఆ బంక వాసన ముక్కుకు తగలగానే, అరవై ఏళ్లుగా ఏమీ లేని నా ఎడమ చెవి వెనక చర్మం బిగుసుకుంది.

మాది గద్వాల వైపు, కృష్ణ ఒడ్డుకు కోసెడు దూరంలో ఉన్న ఊరు. మాఘం దాటితే చేలన్నీ బోసిపోయి, నల్లరేగడి నోళ్లు తెరిచి, మధ్యాహ్నపు గాలికి కందికట్టె దుమ్ము లేచి కళ్లలో పడేది. ఆ రోజుల్లోనే తుమ్మచెట్లకు బంక పట్టేది. మేకల వెంట పోయిన ఆడపిల్లలం, సద్దిమూటలో సజ్జరొట్టె, ఎర్రకారం తినేసి, ముళ్లు గీసుకుంటున్నా లెక్కచేయక తేనె రంగులో మెరిసే ఆ ముద్దలను గిల్లుకుని, సగం నమిలి సగం కొంగున కట్టుకుని, సాయంత్రం దాకా గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. ఇంటికి వచ్చేసరికి పళ్లు అతుక్కుపోయి మాట పెగిలేది కాదు.

ఇంట్లో నాకు దిక్కు అవ్వ. మా నాయినను కన్నతల్లి. ఊరు ఆమెను జోగవ్వ అనేది. ఏడేళ్ల వయసులో ఆమె నెత్తిన వెంట్రుకలు చిక్కులు పడి జడకట్టాయట. ఎల్లమ్మ పిలిచిందన్నారు, మెడలో తెల్లముత్యాల దండ కట్టి జోగినిని చేశారు. ఎల్లమ్మకు ఇచ్చేసిన పిల్లకు ఇక పెళ్లి ఉండదు, మొగుడు ఉండడు. కానీ ఊళ్లో పెద్దింటి మగవాళ్లు వస్తే గుడిసె తలుపు మూసే హక్కు కూడా ఆమెకు ఉండదు. మా నాయిన ముక్కు ఎవరి ముక్కో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. తండ్రి పేరు అడిగిన చోటల్లా ఆయన నేల చూసేవాడు.

ఏడాదంతా ఊరి పెద్ద పటేలు వాకిట్లో చెప్పులు చేతబట్టుకుని, గోడ పక్కన ఒదిగి నిలబడే అవ్వ, ఎల్లమ్మ పండుగ ఒక్కరోజు మరో మనిషి అయ్యేది. సున్నం, పసుపు బొట్లు పెట్టిన కొత్తకుండలో బెల్లపన్నం, పైన వేపకొమ్మలు, దీపం. ఆ మొదటి బోనం ఆమె నెత్తినే. జమిడిక మోగుతుంటే అవ్వ ముఖానికి పసుపు, నోట్లో నిమ్మకాయ, కాళ్లకు గజ్జెలు. తల్లి ఆమె మీదికి వచ్చేది. అప్పుడు పటేలు నడుముకు తువ్వాల చుట్టుకుని, "తల్లీ, తప్పులుంటే కాయి" అని చేతులు జోడించేవాడు. అవ్వ అతన్ని "ఏరా" అనేది. వచ్చింది తల్లో కాదో చూడటానికి ఒక పద్ధతి ఉండేది. అరచేతిలో కర్పూరపు బిళ్ల వెలిగించి, ఆరేదాకా పట్టుకోవాలి. తల్లి ఉన్న చేతికి బొబ్బ రాదని నమ్మకం. అవ్వ ఏటా పట్టేది. ఏటా ఆమె చెయ్యి నున్నగానే ఉండేది.

ఆ ఏడు దసరా వెళ్లగానే అమ్మా నాయినా గుంపుమేస్త్రి వెంట కాలువ తవ్వే పనికి దేశం పోయారు. నాకు ఎనిమిదేళ్లుంటాయి. నాకంటే ఏడాది పెద్దదైన పక్కింటి మాణెమ్మ, నేనూ తుమ్మల నీడన ఎల్లమ్మ ఆట ఆడేవాళ్లం. ఒకరు ఎల్లమ్మ, ఒకరు పటేలు. నా వంతు వచ్చిన రోజు, ఉత్త వెంట్రుకలతో ఎల్లమ్మ ఏమిటని, నమిలిన బంకముద్దను చెవి వెనక వెంట్రుకలకు పట్టించి, బూడిద అద్ది, అవ్వ జడలాగా పేనుకున్నాను. మాణెమ్మ చేతులు జోడించి దండం పెట్టింది. ఇంటికి వెళ్లేటప్పుడు తీయబోతే రాలేదు. గోరువెచ్చని నీళ్లు పోస్తే కరిగిపోయే బంక అది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. తన్నులు పడతాయని నెత్తిన కొంగు కప్పుకుని పడుకున్నాను.

మర్నాడు అవ్వ కూలికి పోయిన సమయంలో మాణెమ్మ తల్లి ఈరమ్మత్త నా తలలో పేలు చూడబోయి జడ చూసింది. ఒక్కసారిగా చేతులు వెనక్కి తీసుకుంది. "ఓయమ్మో, జూడుండ్రే! పిల్లకు తల్లి జడ బెట్టింది!" అని వాడంతా వినబడేలా అరిచి, లోపలికి ఉరికి పసుపు కుంకుమ తెచ్చి జడకు పెట్టి, నా కాళ్లకు మొక్కింది. పసుపు పడిన జడకు ఇక దువ్వెన తగలకూడదు, నీళ్లు పోయకూడదు. బంక అని చెబుదామని నేను నోరు తెరిచాను. ఈరమ్మత్త నా నోట్లో బెల్లంముక్క పెట్టింది.

ఇప్పుడు దాచడం దేనికి, ఆ రెండు నెలలు నాకు బాగుంది. నన్ను ఎవరూ తిట్టలేదు. మేకలు చేలో పడ్డా కొట్టలేదు. గడపలోకి రానివ్వని పటేలు భార్య నాకు ఇత్తడి గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. కాసింసాబు దుకాణంలో పుట్నాలు ఊరికే పోశారు. "ఏమే ఎల్లమ్మా, మా బర్రె ఎప్పుడు ఈనుతది?" అని ఆడవాళ్లు సగం వేళాకోళంగా, సగం భయంగా అడిగేవారు. నేను గంభీరంగా "అయితారం" అనేదాన్ని. ఈరమ్మత్త పసుపు పెట్టిన సాయంత్రం కూలి నుంచి వచ్చిన అవ్వ మాత్రం జడను వేళ్లతో పట్టుకుని వాసన చూసి, వెళ్లి చూరు కింద కూర్చుంది.

పండుగకు వారం ముందు అమ్మా నాయినా తిరిగొచ్చారు. నన్ను చూసి అమ్మ మూట కింద పడేసింది. వాళ్లు వచ్చారని తెలిసి పటేలు కబురు పెట్టాడు: జోగవ్వ ముసలిదయింది, మొదటి బోనానికి పిల్ల కావాలి, పండుగనాడే దండ కడదాం. కొత్త తెల్లముత్యాలు గద్వాల నుంచి వచ్చాయి. వాటిని చూసి నేను మురిశాను కూడా. అమ్మ అవ్వ కాళ్ల మీద పడింది. "అత్తా, నువ్వు జెప్పు. నువ్వు జెప్తే ఇంటరు."

"నేను జెప్తే ఎవరింటరే పిచ్చిదానా" అంది అవ్వ. "నా మాటకు కుక్క గుడ లేవదు."

పండుగనాడు నాకు తలంటు లేదు గానీ కొత్త పరికిణీ, చేతుల నిండా గాజులు. నాయిన నా పక్కన నిలబడి నేల చూస్తున్నాడు. జమిడిక మోగింది. అవ్వ ఊగడం మొదలుపెట్టింది. ఏటా చెట్టుకొమ్మలా ఊగే మనిషి ఆ రోజు ఎందుకో కాస్త ఆలస్యంగా ఊగింది. పటేలు తువ్వాల నడుముకు చుట్టుకుని అడిగాడు: "తల్లీ, పిల్లకు జడ బెట్టినవు. దండ గట్టమంటవా?"

"ఎవడ్రా బెట్టింది జడ?" అంది అవ్వ. "నేను బెట్టలే. నాకెందుకురా ఈ పోరి? ఈ ఇంట్ల ఒకదాన్ని తిన్న, సాలు. జడ కోసి కృష్ణల ఇడువుండ్రి. ఈ పోరి మెడల దండ ఏస్తే నీ గడపల దీపం బెట్టనియ్య."

పటేలు ముఖం మాడిపోయింది. "తల్లివే అయితే కర్పూరం పట్టు" అన్నాడు. ఒక బిళ్ల కాదు, గుప్పెడు పోశాడు. అవ్వ చెయ్యి చాపింది. మంట ఆమె మోచేతి దాకా నీడలు వేస్తూ లేచింది. అవ్వ కన్ను ఆర్పలేదు. మంట ఆరగానే గుప్పిట మూసి, తలమీది బోనం దించకుండా గుడి చుట్టూ మూడుసార్లు తిరిగింది. తువ్వాల నడుముకున్న మనిషి, గుప్పిట విప్పమనే ధైర్యం చేయక, దండను పక్కన పెట్టేశాడు.

తెల్లారి అవ్వ నన్ను లేపి, "ఇయ్యాల రొట్టె నువ్వు జెయ్యి" అంది. జొన్నరొట్టె తట్టడం నాకు రాదు. ఒక పక్క మందం, ఒక పక్క చిరుగు. నిప్పుకోసం వచ్చిన ఈరమ్మత్త చూసి, "ఇదేందే, రొట్టెకు చెవులు బెట్టినవు!" అని నవ్వింది. ఆమె పోయాక అవ్వ గోడవైపు తిరిగి ఎడమచేత్తో తినబోతుంటే, కుడిచెయ్యి చూశాను. అరచెయ్యంతా ఒకటే బొబ్బ.

నేను ఏడుపు మొదలుపెట్టాను. "అవ్వా, జడ నేనే బెట్టుకున్న. బంక తోని."

"తెల్సు. తుమ్మబంక వాసన నాకు తెల్వదా?"

"మరి బంకేనని జెప్పరాదా?"

"జోగవ్వ జెప్తే ఎవరింటరు బిడ్డా? ఎల్లమ్మ జెప్తేనే ఇంటరు. నేను పిలిచిన, మస్తు పిలిచిన. అమ్మ రాలే. ఇగ నేనే మాట్లాడిన." ఎప్పుడూ లేనంత మెల్లగా, "ఆమె నోరు దొంగిలించిన" అంది. వెంటనే కళ్లురిమి, "ఎవరికన్న జెప్తివా, జడ మల్ల మొలుస్తది చూడు" అని బెదిరించింది.

బీచుపల్లి దగ్గర నాయిన నా జడ కోసి కృష్ణలో వదిలాడు. నేను తేలికైన తలతో ఎగిరి గంతులేశాను. అవ్వ మాత్రం ఆ తర్వాత మళ్లీ బోనం ఎత్తలేదు. ఒళ్లు బాగలేదంది. ఆ ఏడు వాన ఎగ్గొట్టింది; మబ్బు వచ్చి ఊరి మీదుగా దాటిపోయినప్పుడల్లా అవ్వ కుడి గుప్పిట మూసుకునేది. ప్రసాదం పెడితే ఎవరో ఒకరి చేతిలో పెట్టేసేది. గుప్పెడు కర్పూరానికి ఏ చెయ్యి కాలదవ్వా అని పెద్దయ్యాక ఎన్నిసార్లు చెప్పినా, "తల్లి ఉంటే కాలకపోతుండె" అనేది. పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగింది. "నేను పోయినంక ఎల్లమ్మ కాడికి పోయి జెప్పు. గా మాట నేనే అన్ననని. తప్పు నాదేనని." సరే అన్నాను.

ఇప్పుడు మా ఊరి ఎల్లమ్మ గుడికి పలకరాళ్లు పోయి పాలరాయి వచ్చింది. జమిడిక లేదు, పెద్ద పెట్టెల్లోంచి పాటలు వస్తాయి. తుమ్మలు కొట్టి ప్లాట్లు చేశారు. ఆడపిల్లలకు దండలు కట్టడం ఆగిపోయింది, ఆ పద్ధతి మీద మన్ను పడటమే మంచిది. కానీ చెప్పులు చేతబట్టుకు నిలబడే ఒక ముసలిది, ఏడాదికి ఒక్కరోజైనా, ఊరి పెద్దను "ఏరా" అని ఆపిన ఆ చోటు కూడా దానితోపాటే పోయింది. పోయినదాంట్లో ఏది ఎంత అని నేను విడదీయలేను.

ప్రతి ఏడూ ఆ గుడికి పోతాను. ఈ ఏడూ పోయాను. కొబ్బరికాయ కొడతాను, తల్లి కళ్లలోకి చూస్తాను, అవ్వ చెప్పమన్న మాట నాలుక కొసకు వస్తుంది. చెప్పను. చెబితే అది తప్పేనని నేనూ ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే అవ్వకు ఇచ్చిన మాట తప్పినట్టు.

ఆదివారం గిన్నెడు నీళ్లు వెచ్చపెట్టి హర్షితను ముందు కూర్చోబెట్టుకున్నాను. "అబ్బా, కత్తిరిస్తే అయిపోతుండె కదా" అని అది గొణుగుతూనే, ఒళ్లో అట్ట పెట్టుకుని, ఇంకా అంటించని బొమ్మ ఒకటి చేతబట్టుకుని, "ఎల్లమ్మను దేవతల వరుసలో పెట్టాల్నా అమ్మమ్మా, రాణుల వరుసలోనా?" అంది. "ఆగు" అన్నాను. నీళ్లు పోసి, ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తూ పోయాను. బంక కరిగింది. దువ్వెన పెడితే, నడినెత్తి నుంచి కొసదాకా ఎక్కడా ఆగకుండా జారింది.