కారు తూములో లుంగీ ముక్క

గుడ్డ మొదట కొద్దిగా కదిలింది. తర్వాత ఒక్కసారిగా ఊడి వచ్చింది. దాని వెనకే నల్లటి నీళ్లు కారు ఎడమ చక్రం పక్కనుంచి భళ్లున నేల మీద పడ్డాయి. మిర్యాలగూడలో మా బామ్మర్ది ఇంటి ముందు, సిమెంటు వాకిట్లో, వాన వెలిసిన మధ్యాహ్నం జరిగిందిది. నీళ్లయ్యాక బురద వచ్చింది. బురద వెంట నానిన ఊక, కుళ్లిన ఆకులు ఒక ముద్దగా జారాయి. ఆ ముద్దలో ఒక ఎలుక ఉంది. బొచ్చు చాలావరకు ఊడిపోయి, ఒళ్లంతా ఉబ్బి, మెత్తగా, సబ్బు ముక్కలాగా అయిపోయింది. తోక మాత్రం చెక్కుచెదరలేదు.

మురుగు గురించి పత్రికల్లో చాలా రాశాను. పూడిపోయిన కాలువలు, ఇళ్లలోకి వచ్చిన నీళ్లు, ముక్కు మూసుకుని నడిచే జనం. ఆ వార్తల్లో ‘దుర్గంధం’ అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆ మాట ఎంత శుభ్రమైనదో ఆ వాకిట్లో తెలిసింది. మాకు తగిలింది పుల్లగా, తియ్యగా, నాలుక మీదికి కూడా ఎక్కే వాసన. బామ్మర్ది రెండు అడుగులు వెనక్కి వేసి గోడ పట్టుకున్నాడు. నేను వెనక్కి పోయినా లాభం లేదు. నా చేతికి కూడా అంటింది మరి.

మా ఆవిడ అరుగు మీద నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమె చూపు ఎలుక మీద లేదు. కారు ముందు అద్దం కింద మేం విప్పిన జాగా మీద ఉంది.

“ఏసీ గాలి గాడికెంచేనా లోపలికొచ్చేది?” అని అడిగింది.

అవునన్నాను. ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి పెరట్లో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ కారు కొన్నదే ఆమె ఊపిరి కోసం. ఆమెకు చిన్నప్పటి నుంచి ఆయాసం. ఉద్యోగం కోదాడలో, బడిలో. ఇల్లు సూర్యాపేటలో. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే హైవే దుమ్ము, లోపలివైపు కూర్చుంటే జనం. ఏ రోజూ ఆమె బడికి సరిగ్గా ఊపిరి తీసుకుంటూ చేరింది లేదు. నేను పత్రిక పని మానేశాక, చేతులు మారి మారి వచ్చిన ఒక పాత కారు తీసుకుని ఆమెకు డ్రైవరునయ్యాను. అద్దాలు ఎత్తి ఏసీ వేస్తే దారి పొడుగునా ఆమె పిల్లల పేపర్లు దిద్దుకునేది. ఆ సుఖం కొంతకాలం నడిచింది.

వానలు మొదలైన తర్వాత ఆమె కాళ్ల కింద చెమ్మ కనిపించింది. వెంట వాసన. మొదట తడి చెప్పుల వాసన అనుకున్నాం. తర్వాత ఆమె దగ్గడం మొదలుపెట్టింది. సూర్యాపేటలో మేం చూపించుకునే డాక్టరు చెమ్మ, బూజు ఉన్నచోట ఉండొద్దన్నాడు. ఇంటి గోడలు చూసుకున్నాం. బీరువా వెనక చూసుకున్నాం. కారు సంగతి మాకు తట్టలేదు, ఆయనా అడగలేదు. దగ్గు ముదిరి, తరగతి గదిలో పాఠం మధ్యలో ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఇట్లయితే పెద్ద సెలవు పెట్టి ఇంట్ల కూసుంట అని ఒకరోజు అంది. ఆమె అట్లా అనే మనిషి కాదు. బడికి పోవడం అంటే ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

చివరికి కారులోని చెమ్మే కారణమేమో అని తట్టింది. ఇక చికిత్సలు మొదలయ్యాయి, ఆమెకు కాదు, కారుకు. సూర్యాపేటలో కార్లకు సోకులు చేసే ఒక దుకాణంలో, కింద పరిచిన గుడ్డ మీద దళసరి రెగ్జిన్ పరుపు అతికించారు. దీని మీద బిందెలతో నీళ్లు గుమ్మరించినా కిందికి చుక్క దిగదని దుకాణం వాడు చెప్పాడు. అది నిజమే. కిందున్న చుక్క పైకి రాకుండా కూడా అదే కాపాడింది. పైకి నల్లగా నిగనిగలాడుతూ పెళ్లిపీటలాగా ఉండేది. దాని మీద కాలు పెట్టి నొక్కితే మాత్రం లోపల ఎక్కడో పిచుక్‌మని వినిపించేది.

కోదాడ మెకానిక్కు అది ఏసీ నీళ్లే అని తేల్చాడు. సన్న పైపులోకి గాలి కొట్టి, అయిపోయిందన్నాడు. వాసన పోలేదంటే, అద్దం దగ్గర పెట్టుకునే మల్లెపూల సెంటు డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

“ఇది పెట్టుకోండి సార్, పదిమంది ఎక్కినా వాసన తెలవదండి,” అన్నాడు.

కుళ్లు మీద మల్లెపూలు చల్లినట్టయింది. ఆ రెండూ కలిసిన వాసన విడివిడిగా ఉన్నదానికంటే ఘోరం. మునగాల దాటేసరికి ఆమె ఆ డబ్బాను కిటికీలోంచి బయటికి విసిరేసింది. రోడ్డు మీద ఏమీ పారెయ్యని మనిషి ఆమె.

అట్లా ఉండగా ఒక ఆదివారం ఆమె తమ్ముడిని చూడటానికి మిర్యాలగూడ బయల్దేరాం. తమ్ముడు అక్కడ ఒక రైసుమిల్లులో గుమస్తా. దారంతా వాన. ఊళ్లోకి వచ్చి, మిల్లుల దగ్గర ఒక లారీ అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. డ్యాష్‌బోర్డు కింద నుంచి నీళ్లు దబ్బున ఆమె పాదాల మీద పడ్డాయి. వాననీళ్లలాగా తెల్లగా లేవవి. టీ డికాషన్‌లాగా ఉన్నాయి. ఆమె కాళ్లు రెండూ సీటు మీదికి ఎత్తుకుని, ఇల్లు చేరేవరకు దించలేదు.

ఆదివారం కాబట్టి షెడ్లన్నీ మూసి ఉన్నాయి. వాన తగ్గాక నేనూ బామ్మర్దీ ఫోనులో ఒక వీడియో పెట్టుకుని, ముందు అద్దం కింద వైపర్లు ఉండేచోట ప్లాస్టిక్ జాలీ విప్పాం. అద్దం మీద పడ్డ వాన ఆ జాలీలోంచి ఒక తొట్టిలోకి దిగి, రెండు పక్కలా ఉన్న తూముల గుండా కిందికి పోవాలి. తొట్టి అంచుదాకా నిండి ఉంది. అందులో ఈదే పురుగులు కూడా ఉన్నాయి. ఆ నీళ్లకు దారిలేక, ఏసీ గాలి పీల్చుకునే రంధ్రంలోంచి లోపలికి దిగుతున్నాయి. బామ్మర్ది పాత బైకు క్లచ్ వైరు కొస వంచి ఎడమ తూములోకి దించాడు. కొక్కేనికి ఏదో తగిలింది. ఇద్దరం కలిసి లాగాం. గుడ్డ వచ్చింది.

ఎలుకను పారతో ఎత్తి మట్టి కప్పి వచ్చాక, బామ్మర్ది ఆ గుడ్డను పుల్లతో తిప్పి చూశాడు. నీలం గళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. అతని ముఖం మారింది.

“ఇది నా లుంగీ బావా,” అన్నాడు.

వేసవి సెలవుల్లో మేం కాశీకి వెళ్లినప్పుడు కారు అతని వాకిట్లోనే వదిలి వెళ్లాం. మిల్లుల వాడలో ఎలుకలు పందికొక్కులంత ఉంటాయి. రాత్రికి రాత్రి బండి వైర్లు కొరికి పోతాయి. అందుకని అక్కడివాళ్లు పాత గుడ్డల్లో పొగాకు చుట్టి, బానెట్ కింద కనిపించిన బొక్కలన్నిటిలో కుక్కుతారు. ఆ వీధిలో ఏ బండి తెరిచినా ఆ మూటలుంటాయట. మా కారుకు కూడా అతను ప్రేమగా, మరిచిపోకుండా ఆ పని చేశాడు. తియ్యడం మరిచిపోయాడు. కనీసం మాకు చెప్పడం కూడా.

మా ఆవిడ ముఖం కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

“ఎలుక లోపల ఉండంగనే బొక్క మూసినవారా?”

“లోపలున్నట్టు నాకేమెరుక అక్కా.”

“మంచి కాపలా పెట్టినవ్ తమ్మీ. ఇన్నాళ్ల సంది దాన్ని ముక్కు ముందట పెట్టుకొని పీల్చుకుంట బడికి పోయిన.”

అతను తల దించుకున్నాడు. “వైరు ఒక్కటన్న కొరికిందా సూడక్కా,” అన్నాడు. ఆమె నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. తమ్ముడు లోపలికి పరుగెత్తి ఆమె సంచిలోంచి ఇన్‌హేలర్ తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు ఆమెను బస్సెక్కించి, రెగ్జిన్ పరుపు చింపాం. దాని కింద గుడ్డ, గుడ్డ కింద ఉన్ని మెత్తలాంటి దళసరి ఫెల్టు. పిండితే నీళ్లు కారాయి. ఆకుపచ్చగా, తెల్లగా బూజు. వాటి మధ్య, నీళ్లతో కొట్టుకొచ్చిన వడ్లగింజలు మొలకెత్తి, ఎండ చూడక తెల్లటి దారాల్లాగా పాకి ఉన్నాయి. పురుగులనుకుని చెయ్యి లాగేసుకున్నాను. మొక్కలని తెలిసినా ముట్టుకోబుద్ధి కాలేదు. ఆమె రోజూ పాదాలు పెట్టుకున్నది వాటి మీద.

ఆ గుడ్డల్ని మిల్లు వాళ్లు వడ్లు ఆరబోసే కల్లంలో ఒక మూల పరిచాం. అక్కడ వడ్లు తిరగేస్తున్న కూలీ ఒకామె పార ఆపి, ముక్కు చిట్లించింది.

“ఓ సారూ, జర దూరం ఏసుకో. మా వడ్లు అన్నమైతయి, ఎవరన్న తినాలె గద,” అంది.

ఇంకో మూలకు ఈడ్చుకుపోయాం. గుడ్డ ఆరింది. ఫెల్టు పైన ఎండి, లోపల తడిగానే ఉంది. ఎవరికీ అక్కర్లేని మనిషిని ఎండలో కూర్చోబెట్టినట్టు దాన్ని చూస్తూ కూర్చున్నాను.

కుడివైపు తూము మాత్రం మాకు చిక్కలేదు. అది వైపర్ మోటారు వెనక ఉంది. వైరు పోలేదు, వేలు పోలేదు. చక్రం పైన ప్లాస్టిక్ విప్పుదామంటే బోల్టులు తుప్పు పట్టి తిరగలేదు. మగ్గుతో నీళ్లు పోస్తే దిగీ దిగనట్టు, బొట్టు బొట్టుగా దిగాయి. ఆ వైపు కూడా పెట్టావా అని బామ్మర్దిని అడిగాను.

“పెట్టినట్టే ఉన్నది బావా. మల్ల పెట్టలేదేమో. లుంగీ చింపుడు మాత్రం యాదికున్నది.”

సూర్యాపేటకు తిరిగొచ్చాక ఇంకో మెకానిక్కుకు చూపించాను. ఎలుక కుళ్లిన నీళ్లు దిగిన ఏసీ గాలిపెట్టె కడగాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దించాలన్నాడు. పాత ప్లాస్టిక్, విప్పితే విరుగుతుంది, మళ్లీ బిగించే పూచీ తనది కాదన్నాడు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకునే మాట్లాడాడు. నేనూ బలవంతం చెయ్యలేదు. ఆ పెట్టెలో ఇంకేం అతుక్కుని ఉందో ఊహించుకుంటే, విప్పించాలన్న కోరిక కంటే రోతే ముందు వస్తోంది.

ఆమె మళ్లీ ఆ కారు ఎక్కలేదు. పొద్దున్నే ముక్కుకు చున్నీ చుట్టుకుని కోదాడ బస్సెక్కుతోంది. దగ్గు కొంత తగ్గింది, పోలేదు. మిగిలింది కారు వల్లనా, బస్సు దుమ్ము వల్లనా అని అడిగితే, చూద్దామని మాత్రమే డాక్టరు అన్నాడు. సెలవు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు.